వాన్స్ గారి సరిహద్దు లెక్క, ఫెంటనిల్ లెక్క: వడ్లూరు అల్లుడి మాటలో నిజమెంత?

గోదావరి_గట్టు (తణుకు) | 27 సెప్టెంబర్ 2025, ఉదయం 7:12

మాది తణుకు. వడ్లూరు మాకు కూతవేటు దూరం. అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి గారి పూర్వీకుల ఊరు కాబట్టి నిరుడు అమెరికా ఎన్నికలప్పుడు అక్కడ పూజలు కూడా చేశారు. ఏప్రిల్‌లో వాన్స్ కుటుంబం ఢిల్లీ, జైపూర్, ఆగ్రా చూసుకుని ఇటు రాకుండానే వెళ్లిపోయేసరికి మావాళ్లు కాస్త చిన్నబుచ్చుకున్నారు. అల్లుడు జైపూర్ దాకా వచ్చి అత్తారి జిల్లా ఎగ్గొట్టడమేమిటని నెల రోజులు టీ కొట్టు దగ్గర ఇదే గోల.

నిన్న అక్కడే వేరే చర్చ నడిచింది. మా పక్కింటాయన కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. వాన్స్ సరిహద్దు గురించి చెప్పేదంతా అక్షరాలా నిజమట. ఫెంటనిల్ అనే ఘాటైన మత్తుమందు మెక్సికో నుంచి వస్తోంది, గోడ కట్టి కాపలా పెడితే చావులు ఆగుతాయి, వాన్స్ వాళ్ల అమ్మే దానికి బలి కాబోయింది అని చెప్పుకొచ్చాడు. పక్కనే కూర్చున్న రిటైర్డ్ కాంపౌండరు గారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ఆవిడకి అలవాటైన మందు సరిహద్దు దాటి వచ్చిందా, మందుల షాపు నుంచి వచ్చిందా?" దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి. వీసా గొడవలు ఇక్కడికి తేవద్దు ప్లీజ్. హెచ్-1బీ వీసా లక్ష డాలర్ల ఫీజు గురించి వేరే చర్చ ఇప్పటికే నలభై పేజీలు దాటింది.

---

డాలస్_బాబాయ్ (టెక్సాస్) | 27 సెప్టెంబర్, ఉదయం 8:40

ఆ పక్కింటబ్బాయి మా ఊరివాడే అయ్యుంటాడు, కరెక్టుగానే చెప్పాడు. 2022లో ఒహాయో సెనేట్‌కి పోటీ చేసినప్పుడు వాన్స్ ఒక యాడ్ చేశాడు. సరిహద్దు దాటి వస్తున్న విషం వల్ల మా అమ్మను పోగొట్టుకునేవాణ్ణి అని అందులో సూటిగా చెప్పాడు. పార్టీ స్క్రిప్టు చదవడం కాదు అది, ఇంట్లో చూసింది చెప్పడం.

బైడెన్ టైమ్‌లో ఏం జరిగిందో మేం కళ్లారా చూశాం. 2023 డిసెంబర్ ఒక్క నెలలోనే దక్షిణ సరిహద్దులో బోర్డర్ పెట్రోల్ పట్టుకున్నది దాదాపు 2.5 లక్షల మందిని. ఈ మార్చిలో అది 7 వేల చిల్లరకి వచ్చింది. మాట ఇచ్చాడు, చేసి చూపించాడు. నా ఫైలు చూడండి. గ్రీన్‌కార్డు కోసం ఈబీ-2 వరసలో 2013 తేదీల వాళ్లకే ఇప్పుడు కదులుతోంది. మనం పద్ధతిగా లైన్లో నిలబడి ముసలాళ్లం అవుతుంటే రాత్రికి రాత్రి నది దాటినవాడికి హోటల్ గది ఇచ్చారు. కడుపు మండదా?

ఫెంటనిల్ విషయానికొస్తే తయారుచేసేది మెక్సికో డ్రగ్ ముఠాలైన సినలోవా, హలిస్కో కార్టెల్‌లు, ముడిసరుకు చైనాది, దారి మెక్సికోది. ఇందులో వాదించడానికి ఏముంది?

---

ఉప్పు_కారం (ఊరు చెప్పను) | 27 సెప్టెంబర్, ఉదయం 9:05

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వాళ్ల గోల వాళ్లు పడతారు. మన రోడ్ల మీద గుంతలు చూడండి ముందు.

---

లెక్కల_మాస్టారు (ఏలూరు) | 27 సెప్టెంబర్, ఉదయం 10:22

బాబాయ్ చెప్పిన రెండు విషయాలూ విడివిడిగా నిజమే. మనుషులు దాటడం తగ్గింది. ఫెంటనిల్ మెక్సికో మీదుగానే వస్తోంది. తప్పల్లా రెంటినీ ఒకే తాడుతో కట్టడంలో ఉంది.

2023 ఆర్థిక సంవత్సరంలో అమెరికా కస్టమ్స్, బోర్డర్ వాళ్లు పట్టుకున్న ఫెంటనిల్ దాదాపు 27 వేల పౌండ్లు, అంటే 12 టన్నులకు పైన. ఏడాది మొత్తం దేశమంతా పట్టుకున్నది మన పది టైర్ల లారీ ఒక్కదానిలో పట్టేస్తుంది. ప్రాణం తీయడానికి 2 మిల్లీగ్రాములు చాలంటారు. పెన్సిల్ మొన మీద నిలిచేంత. ఇంత చిన్న సరుకుని వీపున మూట కట్టుకుని ఎడారిలో మైళ్లు నడిచే మనిషి చేతికి ఎవడిస్తాడు? పట్టుబడిన దానిలో దాదాపు 90 శాతం దొరికింది అధికారిక చెక్‌పోస్టుల్లోనే. కార్ల డోర్లలో, పెట్రోల్ ట్యాంకుల్లో, కూరగాయల లారీల్లో. ఫెంటనిల్ రవాణా కేసుల్లో శిక్ష పడినవాళ్లలో 80 శాతానికి పైగా అమెరికా పౌరులే. అదీ సహజమే, వాళ్ల పాస్‌పోర్టు చూస్తే గేటు దగ్గర అనుమానం తక్కువ.

ఇంకో లెక్క. అమెరికాలో డ్రగ్ ఓవర్‌డోస్ చావులు 2023లో సుమారు 1.1 లక్షలు, 2024లో సుమారు 80 వేలు. నాలుగో వంతుకు పైగా తగ్గాయి. తగ్గుదల మొదలైంది 2023 మధ్య నుంచి. బాబాయ్ చెప్పిన 2.5 లక్షల డిసెంబర్ నాటికే చావులు దిగుముఖం పట్టాయి. అంటే జనం అత్యధికంగా దాటిన నెలల్లో చావులు తగ్గుతున్నాయి. ఒకటి పెరిగితే ఇంకోటి పెరుగుతుంది అన్న వాదం ఇక్కడ నిలబడదు.

---

డాలస్_బాబాయ్ (టెక్సాస్) | 27 సెప్టెంబర్, ఉదయం 11:03

మాస్టారూ, చెక్‌పోస్టుల్లో దొరికింది అంటే అక్కడ కుక్కలు, ఎక్స్‌రేలు ఉన్నాయి కాబట్టి దొరికింది. ఎడారిలో వెతికేవాడే లేకపోతే దొరికేదేముంది? పారేసుకున్న తాళాన్ని దీపం కిందే వెతికినట్టుంది మీ లెక్క. పైగా బోర్డర్ పెట్రోల్ వాళ్లంతా వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటూ కూర్చుంటే కాపలా కాసేదెవరు? వాన్స్ వాదన అది కూడా.

నేను సరుకు రవాణా సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను. పని మీద మెక్సికో సరిహద్దులోని లరేడో వెళ్లాను రెండుసార్లు. వంతెన మీద లారీల వరస చూస్తే మతిపోతుంది. కంటికి ఆనినంత దూరం కంటైనర్లే. ఒక్కో లారీని ఎక్స్‌రే గేటు కిందకి పంపి, తెర మీద బొమ్మ చూసి, అనుమానం వస్తే పక్కకి లాగి, సీలు తెంపి, పెట్టెలు దించి చూడాలి. మా డ్రైవర్ ఒకతను చెప్పాడు, అవకాడో లోడు పక్కకి లాగితే సగం రోజు పోతుందట, సరుకు మెత్తబడితే నష్టం కంపెనీది. అందుకే అన్నిటినీ చూడరు, చూడలేరు.

---

లెక్కల_మాస్టారు (ఏలూరు) | 27 సెప్టెంబర్, ఉదయం 11:20

దీపం కింద తాళం మాట ఒప్పుకుంటాను, న్యాయమైన పాయింటే. కానీ లరేడో కథ మీరే చెప్పి నా పని తేలిక చేశారు. సమస్య లారీ గేటు దగ్గరుంటే గోడకి డబ్బు పోయడం దేనికి? జులైలో పాసైన ట్రంప్ పెద్ద ఖర్చుల బిల్లులో గోడకి 46.5 బిలియన్ డాలర్లు. స్కానర్లకీ ఇచ్చారు, కాదనను. గోడ ముందు అది చిల్లర.

---

మందుల_కొట్టు (డేటన్, ఒహాయో) | 27 సెప్టెంబర్, సాయంత్రం 6:48

కాంపౌండరు గారి ప్రశ్నకి నేను చెప్తాను. తొమ్మిదేళ్లుగా డేటన్ దగ్గర ఫార్మసిస్టుని. వాన్స్ పెరిగిన మిడిల్‌టౌన్ మాకు అరగంట. పోస్టు పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

వాన్స్ వాళ్లమ్మ గారు నర్సు. ఆయన 2016లో రాసుకున్న ఆత్మకథ ప్రకారం ఆవిడకి మొదట అలవాటైంది నొప్పి మాత్రలు, హెరాయిన్ తర్వాత. ఇది ఆవిడ ఒక్కరి కథ కాదు. ఒహాయోలో సగం ఇళ్లలో ఇదే వరస. 1996లో పర్డ్యూ ఫార్మా ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రని మార్కెట్లోకి తెచ్చింది. అలవాటు పడే ప్రమాదం తక్కువ అని డాక్టర్లకి చెప్పి అమ్మారు. ఆ అబద్ధానికి 2007లో కోర్టులో కంపెనీ నేరం ఒప్పుకుంది, 2020లో మోసం, లంచాల లాంటి వేరే నేరాలూ ఒప్పుకుంది. ఫ్యాక్టరీలు మూతబడిన ఊళ్లు, నడుము నొప్పులున్న కార్మికులు, చేతిలో చీటీ. 2010లో ఆ మాత్రని పొడి చేయడానికి వీల్లేకుండా మార్చారు, చీటీలు బిగించారు. అలవాటు పడ్డవాళ్లు ఎక్కడికి పోతారు? చవకగా దొరికే హెరాయిన్‌కి పోయారు. తర్వాత అదే పొట్లంలోకి ఫెంటనిల్ వచ్చింది. హెరాయిన్ కన్నా యాభై రెట్లు ఘాటు.

సరిహద్దు ఈ కథలో మూడో అంకంలో వస్తుంది. మొదటి రెండు అంకాలు నాలాంటి తెల్లకోటు వాళ్లవి. మా ఫార్మసీ చెయిన్ల మీదా కేసులు నడిచాయి. 2021లో క్లీవ్‌లాండ్‌లో జ్యూరీ పెద్ద చెయిన్లదే తప్పంది, నిరుడు డిసెంబర్లో ఒహాయో సుప్రీంకోర్టు ఆ చట్టం కింద అలాంటి కేసు చెల్లదంది. చట్టం సంగతి నాకు తెలీదు. కౌంటర్ వెనక ఏం జరిగేదో నా సీనియర్లు చెప్పారు: పక్క రాష్ట్రం నంబరు ప్లేటు కార్లు, ఒకే డాక్టరు చీటీలు, అందరికీ అదే డోసు. లెక్కపెట్టి సీసాలో పోసి ఇచ్చేసేవాళ్లు.

2017 మా కౌంటీకి చాలా చెడ్డ సంవత్సరం. జనాభా లెక్కన దేశంలోనే ఎక్కువ ఓవర్‌డోస్ చావులు జరిగిన చోట్లలో మాదొకటి. కరోనర్ ఆఫీసులో శవాలకి చోటు చాలలేదు. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మా పార్కింగ్‌లో కారు ఇంజన్ ఆన్‌లోనే ఉంది, చాలాసేపటిగా. మా టెక్నీషియన్ వెళ్లి అద్దం తట్టింది. ఇరవై ఏళ్ల కుర్రాడు, పెదాలు నేరేడుపండు రంగు, గురకలాంటి శబ్దం, అదీ ఆగి ఆగి. ముక్కులో ఓవర్‌డోస్‌ని విరిచే నలోక్సోన్ స్ప్రే కొట్టాను. రెండు నిమిషాలు ఏమీ లేదు. నా చేతులు వణుకుతున్నాయి, రెండో స్ప్రే కవరు పంటితో చింపాను. అది కొట్టాక ఒక్కసారిగా ఊపిరి తీసి లేచి కూర్చుని నన్ను తిట్టాడు. మత్తు దిగిపోయిందని కోపం. ఆ తిట్లంత ఇంపైన మాటలు ఇప్పటిదాకా వినలేదు.

మరుసటి ఏడాది మా కౌంటీలో చావులు సగానికి పడిపోయాయి. గోడ కట్టలేదు అప్పుడు. నలోక్సోన్ అందరికీ పంచారు. పోలీసులు, చికిత్సా కేంద్రాలు కలిసి పనిచేశారు. బజారులో అంతకన్నా ఘోరమైన కార్‌ఫెంటనిల్ తగ్గడమూ ఒక కారణమే. అన్నిటికన్నా ముఖ్యం పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్. ఒహాయోలో రిపబ్లికన్ గవర్నర్ జాన్ కేసిక్ దాన్ని 2014 నుంచి పేద వయోజనులందరికీ విస్తరించాడు. ఈ వ్యసనానికి మందైన బ్యుప్రెనార్ఫిన్ కోసం నా కౌంటర్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఆ కార్డే.

ఇప్పుడు వాన్స్ సంగతి. జులై 1న సెనేట్లో 50-50 అయినప్పుడు ఆ పెద్ద బిల్లుకి నిర్ణాయక ఓటు వేసింది ఆయనే. అందులో మెడికెయిడ్ కోతలున్నాయి. ముందు రోజు ఆయన పెట్టిన పోస్టు సారాంశం ఏమిటంటే వలసల అమలుకి వచ్చే డబ్బు ముందు మెడికెయిడ్ లాంటి చిన్న చిన్న వివరాలు లెక్కలోకి రావని. నాకు కష్టం వేసింది అక్కడే. న్యాయంగా ఒకటి చెప్పాలి, మెడికెయిడ్ కావాలంటే పనిచేయాలన్న నిబంధన నుంచి వ్యసనం జబ్బు ఉన్నవాళ్లకి మినహాయింపు రాశారు. కానీ ఆ జబ్బు ఉందని కాగితాలు నింపి రుజువు చేసుకోవాల్సింది ఎవరు? బస్సు ఛార్జీకి డబ్బుల్లేక నెలకి రెండుసార్లు డోసు తప్పే మనిషి.

వాళ్లమ్మ గారు పదేళ్లకు పైగా మత్తుకి దూరంగా ఉన్నారు. చాలా గొప్ప విషయం, మనస్ఫూర్తిగా అంటున్నాను. నిరుడు పార్టీ సభలో ఆయన ఆ మాట చెప్పినప్పుడు నాకూ కళ్లు చెమర్చాయి.

---

గోదావరి_గట్టు (తణుకు) | 27 సెప్టెంబర్, రాత్రి 9:15

మేడమ్, కాంపౌండరు గారికి మీ పోస్టు చదివి వినిపించాను. "నేరేడుపండు రంగు" దగ్గర ఆపమన్నారు. ఆయన సర్వీసులో పురుగుమందు తాగినవాళ్లని చూశారు. కాసేపు మాట్లాడలేదు.

---

డాలస్_బాబాయ్ (టెక్సాస్) | 27 సెప్టెంబర్, రాత్రి 10:31

అమ్మా, మీ అనుభవం ముందు నేనేం వాదించను. కానీ ఇవాళ చంపుతున్నది ఆక్సీకాంటిన్ కాదు కదా. ఫ్యాక్టరీలో తయారైన మాత్ర వేసుకున్నవాడికి కనీసం ఎంత డోసో తెలుసు. కార్టెల్ మాత్రలో ఏముందో చేసినవాడికే తెలీదు. ఇల్లు అంటించింది ఎవరైనా సరే, ఇప్పుడు పెట్రోలు పోస్తున్నవాణ్ణి ముందు ఆపాలి. మెక్సికో కార్టెల్‌ల మీద సైన్యాన్ని వాడే అధికారం ప్రెసిడెంటుకి ఉండాలని వాన్స్ 2023లోనే అన్నాడు. ఇప్పుడు డ్రగ్స్ తెస్తున్నాయని పడవలు పేలుస్తున్నారు. తప్పేంటి?

---

లెక్కల_మాస్టారు (ఏలూరు) | 27 సెప్టెంబర్, రాత్రి 10:58

తప్పేంటంటే పడవలు పేలుస్తున్నది కరీబియన్‌లో. ఆ దారిలో వచ్చేది ప్రధానంగా కొకైన్. ఫెంటనిల్ మెక్సికో నుంచి నేల మీద వస్తోందని పొద్దున మీరే చెప్పారు. సెప్టెంబర్ 2న మొదటి పడవలో 11 మంది చనిపోయారు. సైన్యానికి ఇంతకన్నా మంచి ఉపయోగం లేదన్నట్టు వాన్స్ పోస్ట్ పెట్టాడు. విచారణ లేదు, పడవలో ఏముందో మనకి చూపించిందీ లేదు. ఏనుగు పోయిన దారి వదిలేసి ఎలుక కలుగులు తవ్వడం ఇది.

ఇంకోటి గుర్తుపెట్టుకోండి. 2022లో ఇదే వాన్స్ ఒక ఇంటర్వ్యూలో బైడెన్ కావాలనే ట్రంప్ ఓటర్లని ఫెంటనిల్‌తో చంపిస్తున్నట్టుందన్న ధోరణిలో మాట్లాడాడు. అమ్మ కథ చెప్పిన మనిషి నోట ఆ మాట వినడం నాకు నచ్చలేదు.

---

డాలస్_బాబాయ్ (టెక్సాస్) | 27 సెప్టెంబర్, రాత్రి 11:07

ఆ ఇంటర్వ్యూ మాట నేనూ సమర్థించను. ఎన్నికల వేడిలో నోరు జారాడు. పడవల మీద మాత్రం మనం ఏకీభవించం, వదిలేద్దాం.

---

రియాక్టర్_రావు (హైదరాబాద్) | 28 సెప్టెంబర్, ఉదయం 6:20

కత్తిపీటకి దురద ఎందుకని నిన్న ఒకాయన అడిగారు. చెప్తా వినండి, ఆ కంద మన పెరట్లోనే పండుతోందట.

నేను బల్క్ డ్రగ్స్‌లో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను, షిఫ్ట్ కెమిస్టుగా మొదలై ఇప్పుడు ఎగుమతుల పేపర్లు చూస్తాను. జనవరిలో సూరత్ కంపెనీలు రెంటి మీద అమెరికాలో కేసు పెట్టారు, విటమిన్ సి అని లేబుల్ వేసి ఫెంటనిల్ ముడిసరుకు పంపారన్నది ఆరోపణల్లో ఒకటి. మార్చిలో మన హైదరాబాద్ కంపెనీ ఉద్యోగుల్ని న్యూయార్క్‌లో అరెస్ట్ చేశారు. కోర్టులో తేలేదాకా ఎవర్నీ దోషి అనను. పది రోజుల కిందట, 18న, ఢిల్లీలోని అమెరికా ఎంబసీ కొందరు వ్యాపారవేత్తల వీసాలు, వాళ్ల కుటుంబాల వీసాలు కూడా రద్దు చేసింది. ఈ నెలలోనే ట్రంప్ ప్రకటించిన 23 దేశాల డ్రగ్స్ జాబితాలో మన పేరూ ఉంది. అంటే వాన్స్ మాట్లాడే సరిహద్దు ఇప్పుడు జీడిమెట్ల గేటు దాకా వచ్చేసింది.

మా దగ్గర ఎలా జరుగుతుందో చెప్తా. నిరుడు ఒక ట్రేడర్ నుంచి మెయిల్ వచ్చింది. మామూలు ఇంటర్మీడియెట్ (మందు తయారీలో మధ్య దశ రసాయనం), బీపీ మందుల దగ్గర్నుంచి చాలావాటికి వాడతారు. అడిగింది 25 కేజీలు, రేటు మీద బేరమే లేదు. అక్కడే నాకు తేడా కొట్టింది. మన ట్రేడులో బేరం ఆడనివాడంటూ ఉండడు. సరుకు దేనికి వాడతారో రాసిచ్చే ఎండ్ యూజ్ డిక్లరేషన్ అడిగితే రెండు రోజులు చప్పుడు లేదు. తర్వాత వచ్చిన మెయిల్లో డ్రమ్ము మీద పేరు వేరేది రాసి పంపగలరా, రేటు ఇరవై శాతం ఎక్కువిస్తాం అని. మా ఎండీ గారు చదివి, ప్రింట్ తీసి ఫైల్లో పెట్టమని, ఆర్డర్ వద్దని చెప్పారు. ఆ రోజు ఆయనంటే గౌరవం పెరిగింది. కానీ మేం వద్దంటే ఆ మెయిల్ అక్కడితో ఆగుతుందా? బ్యాంకు వాయిదాలు కట్టలేక లాకౌట్ అంచున ఉన్న యూనిట్లు మా వీధిలోనే నాలుగున్నాయి.

డాలస్ గారూ, చైనా మీద నియంత్రణ బిగిస్తే ఆర్డర్లు ఇటు తిరుగుతాయి. ఇటు బిగిస్తే ఇంకెటో పోతాయి. ఇంకో మాట. ఫెంటనిల్ స్ప్రే అమ్ముకోవడానికి డాక్టర్లకి లంచాలిచ్చిన ఇన్సిస్ కంపెనీ స్థాపకుడు జాన్ కపూర్ పుట్టింది మన దేశంలోనే. అమెరికా కోర్టు 2020లో అయిదున్నరేళ్ల జైలు వేసింది. ఆయన ఏ ఎడారీ దాటి పోలేదు, చదువుకోవడానికి దర్జాగా వీసా మీద వెళ్లాడు.

---

ఉప్పు_కారం (ఊరు చెప్పను) | 28 సెప్టెంబర్, ఉదయం 7:44

సరే, కంద మాట వెనక్కి తీసుకుంటున్నా. గుంతల మాట కాదు.

---

ఇందూరు_పిల్లగాడు (నిజామాబాద్) | 28 సెప్టెంబర్, ఉదయం 9:30

మేడమ్ 2010 సంగతి చెప్తుంటే నాకు మా జిల్లానే కళ్ల ముందు కనపడ్డది. 2015 సెప్టెంబర్ గుర్తుందా ఎవరికన్నా? కల్లులో కలిపే అల్‌ప్రజోలాం అనే మత్తుమందు మీద ఎక్సైజ్ వాళ్లు ఒక్కసారిగా దాడులు చేసిన్రు. మంచి పనే. కానీ రెండు రోజులు కాకముందే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులు నిండిపోయినయి. చేతులు వణుకుడు, ఫిట్స్, లేనివి కనపడుడు, గోడలెక్కుడు. ఎర్రగడ్డ ఆస్పత్రిలో మంచాలు చాలలే. కొందరు చచ్చిపోయిన్రు కూడా.

మా తాత బీడీ కార్మికుడు. రోజూ రెండు సీసాలు తాగెటోడు, అది కల్లు అనే అనుకునెటోడు, మందు అని ఆయనకి తెల్వదు. మూడో రోజు రాత్రి మంచం కింద పాములున్నయని లేచి కూసున్నడు. మా నానమ్మ లాంతరు పట్టుకుని తెల్లారేదాకా మంచం కింద చూపిస్తనే ఉన్నది, ఏం లెవ్వని. ప్రభుత్వం సరుకు ఆపింది గానీ తాగెటోనికి ఏమైతదని ఎవడూ అడగలే. డాక్టర్ మాత్రలిచ్చి మెల్లగ తగ్గించుకుంటా వచ్చినంక మనిషైండు.

అల్‌ప్రజోలాం ఫెంటనిల్ జాతి మందు కాదు, నాకు తెలుసు. కథ మాత్రం అదే. ఈ జులైలో కూకట్‌పల్లిలో మళ్లీ కల్తీ కల్లు చావులు. పదేండ్లు, అదే మందు. సరిహద్దు ఎక్కడున్నది దీనికి? హైదరాబాద్ చుట్టూ ఉన్న షెడ్లల్లనే తయారైతది.

---

డాలస్_బాబాయ్ (టెక్సాస్) | 28 సెప్టెంబర్, ఉదయం 10:12

తమ్ముడూ, మీ నానమ్మ లాంతరు మాట మనసులో పడింది. ఒక్కటి ఒప్పుకుంటా. సరుకు ఆపడం, మనిషికి వైద్యం రెండూ కావాలి. సరుకు ఆపకుండా వైద్యం మాత్రం చేస్తే బోటుకి పడ్డ చిల్లు మూయకుండా నీళ్లు తోడినట్టే. వాన్స్ మొదటిది చేస్తున్నాడు.

---

మందుల_కొట్టు (డేటన్, ఒహాయో) | 28 సెప్టెంబర్, ఉదయం 11:50

బాబాయ్ గారూ, రెండూ కావాలన్నారు కదా, నాకు అది చాలు. నా ఫిర్యాదల్లా రెండోదానికి పెట్టిన డబ్బు తీసి మొదటిదానికి ఇస్తున్నారనే. ఇంకో చిన్న సంగతి. 2024 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ సాయంతో కలిపి వచ్చిన 95 బిలియన్ల ప్యాకేజీలో ఫెంటనిల్ ముఠాల డబ్బు దారులు మూసే చట్టం కూడా ఉంది. వాన్స్ వ్యతిరేకంగా ఓటేశాడు. ఉక్రెయిన్ నచ్చక అనుకోండి. సెనేట్ ఓట్లు ఇలాగే చిక్కుముళ్లుగా ఉంటాయి, ఆయన్ని ఒక్కణ్ణే తప్పు పట్టలేం. కానీ అమ్మ కోసమే రాజకీయాల్లోకి వచ్చానన్నట్టు మాట్లాడే మనిషిని ఓటుతోనే కొలుస్తాం కదా.

---

నిర్వాహకుడు | 28 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:05

వాన్స్ దంపతుల పిల్లల మీద, మతం మీద రాసిన మూడు పోస్టులు తీసేశాను. విషయం మీద ఎంతైనా కొట్టుకోండి.

---

ఎఫ్‌వన్_కష్టాలు (ఫీనిక్స్, అరిజోనా) | 28 సెప్టెంబర్, రాత్రి 8:17

చాలా రోజులుగా చదవడమే గానీ రాయలేదు. రాజకీయాలు కాదు, ఒక డౌట్. మేం నలుగురం రూమ్‌లో ఉంటాం. ఒకడికి పరీక్షలప్పుడు రాత్రుళ్లు మేలుకోవడానికి క్లాస్‌మేట్ ఎవరో మాత్రలిస్తాడు. ఇంకోడు పార్ట్ టైమ్‌లో గోడౌన్‌లో బరువులు మోసి నడుము పట్టేసి, అక్కడివాడి దగ్గర నీలం మాత్ర తెచ్చుకున్నాడు. మీద M, వెనక 30 అని ఉంది. ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి కట్టాల్సిన సొమ్ము) భయానికి డాక్టర్ దగ్గరికి పోడు. అది నిజం మాత్రో కాదో చూసి చెప్పగలమా? అక్కా, మీరే చెప్పాలి.

---

మందుల_కొట్టు (డేటన్, ఒహాయో) | 28 సెప్టెంబర్, రాత్రి 8:31

నాన్నా, ముందు ఆ మాత్ర వాడు వేసుకోకుండా చూడు. చూసి చెప్పలేం. తొమ్మిదేళ్ల అనుభవమున్న నేనూ చెప్పలేను, అచ్చు అంత బాగా పోస్తున్నారు. నకిలీ మాత్రలు పరీక్షిస్తే 2023లో పదింటిలో ఏడింట్లో చంపేంత ఫెంటనిల్ దొరికిందని అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ చెప్పింది. 2024లో పదింటిలో అయిదు. తగ్గిందని సంతోషించే లెక్క కాదిది, బొమ్మా బొరుసూ. మేలుకునే మాత్రల్లోనూ నకిలీలున్నాయి, మొదటివాడికి అదీ చెప్పు.

నడుముకి యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లమను, ఫీజుల్లో ఇప్పటికే కట్టేశారు మీరు. ఇంట్లో నార్కాన్ (అదే నలోక్సోన్ స్ప్రే) పెట్టుకోండి. 2023 నుంచి చీటీ లేకుండానే అమ్ముతున్నారు, అప్పట్లో రెండు స్ప్రేల పెట్టె 45 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. చాలా కౌంటీల్లో, హెల్త్ సెంటర్లలో ఉచితంగా ఇస్తారు, ముందు అక్కడ అడుగు. ఎవరైనా పిలిస్తే పలక్కుండా, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే ఒక ముక్కులో పూర్తిగా నొక్కు, 911కి ఫోన్ చెయ్, పక్కకి తిప్పి పడుకోబెట్టు. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండోది రెండో ముక్కులో. ఫోన్ చేస్తే వీసా పోతుందని ఆగొద్దు. సాయం కోసం ఫోన్ చేసినవాళ్లకి రక్షణ ఇచ్చే చట్టం అరిజోనాలో ఉంది. డ్రగ్స్ కేసులో శిక్ష పడితే మాత్రం వీసాకి నిజంగా ముప్పే, అందుకని ఆ మాత్ర ఇంట్లో ఉంచుకోవద్దు.

---

డాలస్_బాబాయ్ (టెక్సాస్) | 28 సెప్టెంబర్, రాత్రి 9:02

బాబూ, డిడక్టిబుల్ ఎంతో మెసేజ్‌లో చెప్పు, నేను చూసుకుంటా. వాణ్ణి డాక్టర్ దగ్గరికి పంపు. మా అబ్బాయి వయసే మీది.

---

గోదావరి_గట్టు (తణుకు) | 29 సెప్టెంబర్, ఉదయం 6:55

టీ కొట్టు దగ్గర మీ వాదనలన్నీ వినిపించాను. వడ్లూరు వాళ్లు ఇద్దరున్నారు. అల్లుణ్ణి అంత మాటనకూడదని ఒకాయన, ఓటు దగ్గర అల్లుడేమిటని ఇంకొకాయన. పక్కింటాయన కొడుకు వాట్సాప్‌లో లరేడో లారీల వీడియో పంపాడు. కాంపౌండరు గారు మాత్రం అమెరికా కుర్రాడి పోస్టు చదివించుకుని, ఆ పిల్లాడు మాత్ర పారేశాడో లేదో కనుక్కోమన్నారు.

---

ఎఫ్‌వన్_కష్టాలు (ఫీనిక్స్, అరిజోనా) | 29 సెప్టెంబర్, రాత్రి 10:40

పారేశాం అంకుల్. ఫార్మసీలో పాత మందులు వేసే డబ్బా ఉంటే అందులో వేశాం. వాడు మొదట గొడవపడ్డాడు, ఒక్క మాత్రకి పదిహేను డాలర్లు పోశానని. హెల్త్ సెంటర్లో నార్కాన్ ఉచితంగానే ఇచ్చారు, పేరు కూడా అడగలేదు. ఫ్రిజ్ మీద, ఆవకాయ జాడీ పక్కన పెట్టాం, అందరికీ కనపడుతుందని. డాలస్ అంకుల్, డబ్బులు అక్కర్లేదు, హెల్త్ సెంటర్లో చూశారు. వారం రోజులు బరువులు మొయ్యొద్దన్నారు. ఆ వారం అద్దె ఎలా అని ఇప్పుడు లెక్కలేస్తున్నాం.